సెకను దేనికి రెండవది?

ఇంగ్లీషులో ‘సెకండ్’ అనే మాట రెండు వేర్వేరు పనులు చేస్తుంది. వరుసలో మొదటిదాని తర్వాత వచ్చేదాన్ని ఆ మాటతోనే చెబుతారు, నిమిషంలో అరవయ్యో వంతునూ ఆ మాటతోనే చెబుతారు. తెలుగులోకి వచ్చేసరికి ఈ రెండు అర్థాలూ చాలావరకు విడిపోయాయి. కాలాన్ని కొలిచే మాట ‘సెకను’గా స్థిరపడింది, వరుసను చెప్పే మాట ‘సెకండ్ క్లాస్’, ‘సెకండ్ హ్యాండ్’ వంటి జంటపదాల్లో ‘సెకండ్’గానే మిగిలింది. ఉచ్చారణ కూడా కొంత మారిపోవడంతో, ఈ రెండూ ఒకే మాట అన్న సంగతి తెలుగులో కంటికి ఆనదు. కాలప్రమాణమైన సెకను పేరులో ఉన్నది కూడా ‘రెండవది’ అన్న అర్థమే. అది దేనికి రెండవది, అలాంటప్పుడు మొదటిది ఏమైంది అన్నదే అసలు ప్రశ్న.

లాటిన్‌లో ‘సెక్వి’ అంటే వెంట రావడం, అనుసరించడం. దాని నుంచి పుట్టిన ‘సెకుందుస్’ అనే విశేషణానికి మూలార్థం ‘వెంట వచ్చేది’. మొదటిదాని వెంట వచ్చేది రెండవది కాబట్టి ఆ మాటే క్రమంగా క్రమవాచకం అయింది. అయితే రోమన్లు దాన్ని లెక్కకే పరిమితం చేయలేదు. ఓడ వెనక నుంచి వీచి ముందుకు నెట్టే గాలి వారికి ‘సెకుందుస్’; ప్రవాహం వెంట దిగువకు సాగే ప్రయాణాన్నీ ఆ మాటతోనే చెప్పేవారు. దాంతో దానికి ‘కలిసివచ్చేది’, ‘మేలు చేసేది’ అన్న అర్థం కూడా వచ్చింది. సంపదలతో నడిచే మంచి రోజులను ‘సెకుందుస్’ తోనూ, ఎదురుదెబ్బల రోజులను ‘అద్వెర్సుస్’, అంటే ఎదురుగా తిరిగినది అన్న మాటతోనూ వర్ణించేవారు. ఈ ఆలోచన తెలుగు చదువరికి కొత్త కాదు. ‘కూలం’ అంటే ఏటి ఒడ్డు; ఒడ్డు వెంబడి పోయేది ‘అనుకూలం’, దానికి ఎదురుగా పోయేది ‘ప్రతికూలం’. ఒకదానితో ఒకటి పరిచయం లేకుండానే రెండు భాషలు నీటి నడకలోంచి ఒకే తీరుగా మంచి చెడులను ఏరుకున్నాయి. లాటిన్‌లో ‘సెకుందుం’ అనే మరో రూపానికి ‘ప్రకారం’ అని అర్థం. చట్టం ప్రకారం అనడానికి ‘చట్టాన్ని అనుసరించి’ అని తెలుగులో రాసినప్పుడు కూడా వెంట నడవడం అన్న భావనే పనిచేస్తోంది.

ఈ లాటిన్ ధాతువుకు సంస్కృతంలో సోదరి ఉంది. ‘సచ్’ అనే సంస్కృత ధాతువుకు తోడుండటం, వెంట ఉండటం అని అర్థం. లాటిన్ ‘సెక్వి’, సంస్కృత ‘సచ్’, ఇదే అర్థం గల గ్రీకు క్రియ, ఈ మూడూ ఒకే ప్రాచీన ఇండో-యూరోపియన్ మూలం నుంచి చీలినవని భాషాశాస్త్రం చెబుతుంది. రాజు వెంట ఉండేవాడు కాబట్టి ‘సచివుడు’ అన్న మాట పుట్టింది. అంటే ‘సచివాలయం’ అన్న మాటలోని మొదటి సగానికీ, గడియారంలో టిక్కుమనే ‘సెకను’కూ వేరు ఒక్కటే. ఇంగ్లీషు ‘సీక్వెన్స్’, ‘సీక్వెల్’, ‘కాన్సీక్వెన్స్’ ఈ కుటుంబానివే. వెంటపడటం అన్న భావన ‘పర్స్యూ’లోనూ, వెంటపడి వేధించడం అన్న భావన ‘పర్సిక్యూట్’లోనూ, కోర్టులో ఒక వ్యవహారాన్ని చివరిదాకా నడిపించడం అన్న భావన ‘ప్రాసిక్యూట్’లోనూ ఉన్నాయి.

ఇంగ్లీషుకు ఈ మాట సొంతం కాదు. ప్రాచీన ఇంగ్లీషులో రెండవదాన్ని చెప్పడానికి నేటి ‘అదర్’కు పూర్వరూపమైన మాటను వాడేవారు. ఒకే మాట ‘మరొకటి’ అనీ ‘రెండవది’ అనీ అర్థాలిస్తే ఇబ్బంది ఎక్కడ వస్తుందో ఊహించవచ్చు: నలుగురు వరుసగా నిలబడినప్పుడు ‘మరొకడు’ అంటే ఎవరు? 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక పాలకుల భాషగా ఫ్రెంచి వచ్చి కూర్చుంది. ఫ్రెంచి ద్వారా అందిన ‘సెకండ్’ ఆ లోటును తీర్చి, తర్వాతి శతాబ్దాల్లో పాత మాటను ఆ స్థానం నుంచి తప్పించింది. పాత అర్థం ఇప్పటికీ ఒకచోట దాక్కుని ఉంది. రోజు విడిచి రోజు అన్న అర్థంలో ఇంగ్లీషువారు ‘ఎవ్రీ అదర్ డే’ అంటారు. అక్కడ ‘అదర్’ అంటే రెండవది అనే. ఇంగ్లీషు మొదటి రెండు క్రమవాచకాలకూ వాటి సంఖ్యలకూ ధ్వనిలో పోలిక లేకపోవడానికి, మూడు నుంచి మాత్రం పోలిక కనిపించడానికి కారణం ఇదే: ‘సెకండ్’ అరువు మాట, ‘ఫస్ట్’ అందరికన్నా ముందున్నది అన్న అర్థం నుంచి వచ్చినది. తెలుగులోనూ ‘మొదటి’ అన్నది ఒకటిలోంచి రాలేదు, మొదలులోంచి వచ్చింది. కానీ ‘రెండవ’ దగ్గర తెలుగు దారిలో పడుతుంది.

ఇక కాలం సంగతి. బాబిలోనియన్లు గంటను 60 నిమిషాలుగా, నిమిషాన్ని 60 సెకన్లుగా విభజించారని తరచూ చదువుతుంటాం. ఈ మాట సగమే నిజం. 60 ఆధారంగా సంఖ్యలను రాసే పద్ధతి బాబిలోనియాదే. అరవైని 2, 3, 4, 5, 6, 10, 12, 15, 20, 30 శేషం లేకుండా భాగిస్తాయి కాబట్టి భిన్నాలతో పని పడిన ఖగోళ గణితానికి అది ఎంతో అనువైన సంఖ్య. కానీ బాబిలోనియన్ ఖగోళజ్ఞులు రోజును 360 భాగాలు చేసేవారు. అందులో ఒక్కో భాగం నేటి లెక్కలో 4 నిమిషాలు. రోజుకు 24 గంటలన్న విభజన ఈజిప్టు నుంచి వచ్చింది, ఆ గంటలు కూడా రుతువును బట్టి పెరుగుతూ తరుగుతూ ఉండేవి. నేటి సెకను ఆ రెండు సంప్రదాయాలూ కలిసిన చోట, కోణాల లెక్కలో పుట్టింది.

క్రీస్తుశకం 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో పనిచేసిన టోలెమీ గ్రహాల స్థానాలను లెక్కించడానికి వృత్తాన్ని 360 డిగ్రీలుగా తీసుకుని, డిగ్రీని 60 భాగాలుగా, ఆ భాగాన్ని మళ్లీ 60 భాగాలుగా విభజించాడు. ఒకసారి విభజిస్తే వచ్చేవి మొదటి అరవయ్యో వంతులు, రెండోసారి విభజిస్తే వచ్చేవి రెండవ అరవయ్యో వంతులు. కావాలంటే మూడవవి, నాల్గవవి కూడా. అంటే క్రమసంఖ్య ఇక్కడ విభజన ఎన్నోసారి జరిగిందో చెబుతుంది. ఈ విధానం అరబ్బీలోకి వెళ్లినప్పుడు మొదటి వంతుకు సన్ననిది అన్న అర్థంలో ‘దకీకా’ అనీ, దాని తర్వాతిదానికి రెండవది అన్న అర్థంలో ‘థానియా’ అనీ పేర్లు వచ్చాయి. నేటికీ అరబ్బీలో నిమిషానికీ సెకనుకూ ఇవే మాటలు. 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని టొలేడో నగరంలో క్రెమోనాకు చెందిన గెరార్డ్ వంటి అనువాదకులు అరబ్బీ ఖగోళ గ్రంథాలను లాటిన్‌లోకి తెచ్చారు. లాటిన్‌లో మొదటి విభాగం ‘పార్స్ మినూతా ప్రిమా’, అంటే మొదటి చిన్న భాగం. రెండవది ‘పార్స్ మినూతా సెకుందా’, అంటే రెండవ చిన్న భాగం.

మూడేసి మాటల ఈ పేర్లు వాడుకలో నలిగి చిక్కిపోవడం సహజం. మొదటిదాని నుంచి ‘చిన్నది’ అన్న విశేషణం మాత్రమే మిగిలి ‘మినిట్’ అయింది. రెండవదాని నుంచి ‘రెండవ’ అన్న విశేషణం మాత్రమే మిగిలి ‘సెకండ్’ అయింది. రెండింటిలోనూ అసలు నామవాచకమైన ‘భాగం’ రాలిపోయింది. మొదటిదానిలో క్రమసంఖ్య పోయి చిన్నతనం నిలిచింది, రెండవదానిలో చిన్నతనం పోయి క్రమసంఖ్య నిలిచింది. ‘మొదటి’ అన్న మాట రాలిపోవడం వల్లే ‘రెండవ’ అన్న మాట జత లేక ఒంటరిగా, అర్థం కాకుండా మిగిలింది. సెకను దేనికి రెండవది అంటే నిమిషానికి. నిమిషమే ఒకప్పటి ‘మొదటిది’. ఈ జంట చెక్కుచెదరకుండా కనిపించేది నేటి గ్రీకులో. అక్కడ నిమిషం ‘లెప్తో’, సెకను ‘దెఫ్తెరోలెప్తో’, అంటే రెండవ లెప్తో.

ఆ గ్రీకు మాట తెలుగులో కూడా ఉంది. సన్నని, సూక్ష్మమైన భాగం అన్న అర్థం గల గ్రీకు మాటను భారతీయ జ్యోతిశ్శాస్త్రం డిగ్రీలో అరవయ్యో వంతుకు పేరుగా తీసుకుని ‘లిప్త’ అంది. దానిలో అరవయ్యో వంతు ‘విలిప్త’. దేశీయమైన పేర్లు కల, వికల. కాలంలోనూ ఇదే పద్ధతి: రోజులో అరవయ్యో వంతు గడియ, అంటే 24 నిమిషాలు, గడియలో అరవయ్యో వంతు విగడియ, అంటే 24 సెకన్లు. లాటిన్‌లో ‘సెకుందా’ చేసిన పనిని ఇక్కడ ‘వి’ అనే ఒక్క ఉపసర్గ చేసింది. తర్వాత లిప్త ఆకాశం లెక్కలోంచి జారి మాటల్లోకి వచ్చి ‘లిప్తపాటు’ అయింది. కోణాన్ని కొలిచే మాట క్షణానికి పేరు కావడంలో సెకను నడిచిన దారీ లిప్త నడిచిన దారీ ఒకటే. తెలుగులో నిమిషం అనే మాట మాత్రం గణితం నుంచి కాక శరీరం నుంచి వచ్చింది. సంస్కృతంలో దానికి అర్థం కనురెప్ప వాలడం. రెప్పపాటు అన్న అర్థం గల మాట 60 సెకన్ల ప్రమాణమై కూర్చుంది.

కోణం నుంచి కాలానికి దాటడం ఒక్కరోజులో జరగలేదు. క్రీ.శ. 1000 ప్రాంతంలో మధ్య ఆసియా పండితుడు అల్ బిరూనీ, 1267లో ఇంగ్లండు పండితుడు రోజర్ బేకన్ చంద్రుడి గమనానికి సంబంధించిన కాలాలను గంటలు, నిమిషాలు, సెకన్లు, వాటికీ దిగువన మూడవ, నాల్గవ భాగాలుగా రాశారు. 1391లో ఆస్ట్రోలేబ్ అనే పరికరం గురించి ఇంగ్లీషులో రాసిన కవి చాసర్, రాశిచక్రంలోని డిగ్రీలకు నిమిషాలు, నిమిషాలకు సెకన్లు ఉంటాయని వివరించాడు. అది అప్పటికీ కోణాల మాటే. ఈ పాత సంబంధం వల్ల నేటికీ ఒక గందరగోళం మిగిలింది. కోణంలో సెకను వేరు, కాలంలో సెకను వేరు. 24 గంటల్లో 360 డిగ్రీలు తిరిగే భూమి కాలంలోని ఒక సెకనులో కోణంలోని 15 సెకన్లు తిరుగుతుంది. నిమిషానికి ఒక చిన్న గీత, సెకనుకు రెండు చిన్న గీతలు పెట్టే గుర్తులు కూడా ‘మొదటిది’, ‘రెండవది’ అన్న లెక్కకు మిగిలిన ఆనవాళ్లే.

బేకన్ కాలంలో సెకను కాగితం మీద మాత్రమే ఉండేది, దాన్ని చూపగల గడియారం ఏదీ లేదు. తొలి యాంత్రిక గడియారాల్లో గంటల ముల్లు ఒక్కటే ఉండేది, అది కూడా రోజుకు పావుగంట అటూ ఇటూ తప్పడం మామూలు. సెకన్లు చూపే గడియారాలు 16వ శతాబ్దం చివర అక్కడక్కడా వచ్చినా, వాటిని నమ్మదగిన కొలతగా మార్చింది 1656లో డచ్ శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ హైగెన్స్ రూపొందించిన లోలకం గడియారం. దానితో రోజుకు వచ్చే తేడా నిమిషాల నుంచి సెకన్లకు తగ్గింది. సుమారు 99.4 సెంటీమీటర్ల పొడవున్న లోలకం ఒక వైపు నుంచి మరో వైపుకు సరిగ్గా ఒక సెకనులో ఊగుతుంది. అప్పటిదాకా గణిత విభజనగా ఉన్న సెకను, ఆ ఊపుతో చెవికి వినిపించే వస్తువైంది. దాన్నే పొడవుకూ ప్రమాణంగా తీసుకోవాలన్న ఆలోచన కూడా వచ్చింది. కానీ 1672లో దక్షిణ అమెరికాలో భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న కేయెన్‌కు వెళ్లిన ఫ్రెంచి ఖగోళజ్ఞుడు జాన్ రిషే, పారిస్‌లో సెకన్లు కొట్టే లోలకాన్ని అక్కడ సుమారు 3 మిల్లీమీటర్లు తగ్గించాల్సి వచ్చిందని గమనించాడు. గురుత్వాకర్షణ అన్నిచోట్లా ఒకేలా ఉండదని ఆ తగ్గింపుతో బయటపడింది. లోలకాన్ని మీటరుకు ఆధారం చేయాలన్న ఆలోచన 1791లో పక్కకు పోయింది.

గడియారంలో ముల్లు చేరడంతో ఇంగ్లీషులో మరో చిక్కు పుట్టింది. సెకన్ల ముల్లును ‘సెకండ్ హ్యాండ్’ అంటారు, ఒకరు వాడి వదిలిన వస్తువునూ ‘సెకండ్ హ్యాండ్’ అంటారు. పైగా గంటల ముల్లు, నిమిషాల ముల్లు తర్వాత లెక్కిస్తే ‘సెకండ్ హ్యాండ్’ అనబడేది మూడవ ముల్లు. పేరు విభజనల వరుస నుంచి వచ్చింది కానీ ముళ్ల వరుస నుంచి రాలేదని గుర్తుంచుకుంటే ఇందులో వైరుధ్యం ఏమీ ఉండదు.

సెకను తర్వాత రావలసిన ‘మూడవ భాగం’ మాత్రం నిలవలేదు. సెకనులో అరవయ్యో వంతుకు లాటిన్‌లో ‘తెర్షియా’ అన్న పేరు ఉండేది, పోలిష్ వంటి భాషల్లో దాని జాడ ఇంకా ఉంది. గడియారాలు అంత సూక్ష్మంగా కొలవగలిగే నాటికి శాస్త్రం దశాంశాలకు మారిపోయింది కాబట్టి సెకనుకు దిగువన మిల్లీసెకను, మైక్రోసెకను వచ్చాయి. అందువల్ల కాలం కొలతలో ఒక అతుకు కనిపిస్తుంది: సెకను నుంచి పైకి అరవైల లెక్క, సెకను నుంచి కిందికి పదుల లెక్క. బాబిలోనియా లెక్క సెకను దగ్గర ఆగిపోయింది.

కాలంతో సంబంధం లేని అర్థాలు కూడా తక్కువేమీ కావు. సభలో ఒకరు ప్రతిపాదించిన తీర్మానాన్ని మరొకరు బలపరచడాన్ని ‘సెకండ్ చేయడం’ అంటారు. ఇది రెండవ వ్యక్తి మాట్లాడటం వల్ల వచ్చిన అర్థమని అనిపిస్తుంది. నిజానికి దాని వెనక ఉన్నది అనుకూలించడం, తోడ్పడటం అన్న పాత లాటిన్ అర్థం; ఓడను నెట్టిన గాలి ఇక్కడ తీర్మానాన్ని నెడుతోంది. ద్వంద్వయుద్ధానికి దిగిన వ్యక్తి వెంట వచ్చి నియమాలు సరిచూసే సహాయకుడు ‘సెకండ్’, బాక్సింగ్ బరి మూలన నీళ్లు అందించే సహాయకుడూ ‘సెకండ్’. ఈ అర్థం దగ్గర ‘సెకండ్’, ‘సచివుడు’ అన్న రెండు మాటలు వేల ఏళ్ల ఎడబాటు తర్వాత దాదాపు ఒకే చోటుకు చేరాయి. బ్రిటిష్ ఇంగ్లీషులో ఒక ఉద్యోగిని కొంతకాలం వేరే విభాగానికి పంపడాన్నీ ఇదే అక్షరాలతో రాస్తారు, కానీ పలికేటప్పుడు ఊనిక రెండవ అక్షరం మీద పడుతుంది. ‘ఒక్క సెకను ఆగండి’ అన్నప్పటి సెకను మరో రకం. అక్కడ కొలత లేదు, కొద్దిసేపు అన్న భావమే ఉంది. లిప్తకూ నిమిషానికీ పట్టిన దారే దానికీ పట్టింది.

శాస్త్రంలో మాత్రం సెకను ఇందుకు పూర్తిగా ఎదురుదిశలో, మరింత కచ్చితత్వం వైపు నడిచింది. చాలాకాలం పాటు సగటు సౌరదినంలో 86,400వ వంతే సెకను. భూభ్రమణం ఒకే వేగంతో సాగడం లేదని 20వ శతాబ్దపు గడియారాలు తేల్చడంతో ఆ ఆధారం కదిలిపోయింది. 1960లో భూమి తన చుట్టూ తాను తిరగడాన్ని వదిలి సూర్యుడి చుట్టూ తిరగడాన్ని ఆధారం చేసుకుని, 1900 నాటి సాయన సంవత్సరంలో, అంటే రుతువుల చక్రం ఒకసారి పూర్తయ్యే కాలంలో, 3 కోట్ల 15 లక్షల 56 వేల 925.9747వ వంతుగా సెకనును నిర్వచించారు. అప్పటికే, 1955లో, ఇంగ్లండులోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో లూయీ ఎస్సెన్, జాక్ ప్యారీ సీజియం అణు గడియారాన్ని నడిపించారు. 1967లో కొత్త నిర్వచనం వచ్చింది: సీజియం-133 పరమాణువు రెండు సూక్ష్మ శక్తిస్థాయుల మధ్య మారేటప్పుడు వెలువడే వికిరణం 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 సార్లు కంపించడానికి పట్టే కాలం ఒక సెకను.

ఈ నిర్వచనంలో గంట లేదు, నిమిషం లేదు, రోజు లేదు. ఒకప్పుడు పెద్దదాన్ని రెండుసార్లు విభజిస్తే వచ్చిన ‘రెండవ భాగం’ ఇప్పుడు దేనికీ భాగం కాదు. నిమిషం అంటే 60 సెకన్లు, గంట అంటే 3,600 సెకన్లు అని లెక్క తలకిందులైంది. 1983 నుంచి మీటరు కూడా సెకను మీదే ఆధారపడింది. శూన్యంలో కాంతి ఒక సెకనులో 29 కోట్ల 97 లక్షల 92 వేల 458వ వంతు కాలంలో సాగే దూరమే మీటరు. వెంట వచ్చేది అన్న పేరున్న మాట వెనక మిగతా కొలతలు నడుస్తున్నాయి. పేరు మార్చాలన్న అవసరం ఎవరికీ కలగలేదు, ఎందుకంటే ఆ పేరులోని అర్థం అప్పటికే వినిపించడం మానేసింది.

అయినా భూమితో తెగతెంపులు పూర్తి కాలేదు. అణు సెకను పొడవును 18, 19 శతాబ్దాల ఖగోళ పరిశీలనలతో సరిపోయేలా నిర్ణయించారు. ఆ తర్వాత భూభ్రమణం నెమ్మదించి, 20వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో రోజు సగటున 86,400 సెకన్ల కంటే ఒకటి రెండు మిల్లీసెకన్లు పొడవైంది. ఆ తేడా పేరుకుపోయినప్పుడల్లా ప్రపంచ ప్రామాణిక కాలానికి ఒక ‘లీపు సెకను’ను కలుపుతూ వచ్చారు. 1972 నుంచి అలా కలిపినవి 27, వాటిలో చివరిది 2016 డిసెంబర్ 31న చేరింది. అలా సెకను కలిపిన రోజున చివరి నిమిషానికి 61 సెకన్లు ఉంటాయి. గడియారం 23 గంటల 59 నిమిషాల 59 సెకన్ల తర్వాత 60వ సెకనును చూపి, ఆ తర్వాతే సున్నాకు వస్తుంది. కంప్యూటర్ వ్యవస్థలకు ఇది తెచ్చిపెట్టే చిక్కుల దృష్ట్యా, 2035 నాటికి భూమికీ గడియారానికీ మధ్య అనుమతించే తేడాను పెంచాలని తూనికలు, కొలతల సార్వత్రిక మహాసభ 2022 నవంబర్‌లో తీర్మానించింది. అంతవరకు అవసరం పడితే ఒక నిమిషంలో మరో సెకను చేర్చే వీలు అలాగే ఉంటుంది.